శనివారం గడిలో పదిహేడు

గురువారం మా ఇంట్లో ఎవరెవరున్నారో ముందు రాస్తాను. డైరీలో ఆ పేజీ ఉంది, గుర్తు తెచ్చుకునే పని లేదు.

నాన్న ఒరోజ్‌బెక్. ఊరి నీరుగంటి. నలభై ఆరు ఇళ్ళ చేలకు కాలవ నీళ్ళ వంతులు వేసేది ఆయనే. అమ్మ కిండర్‌గార్టెన్‌లో పిల్లల హాజరు రాస్తుంది. పేరు సైరాగుల్. అక్క పెరిజాత్, బిష్కెక్‌లో చదివి వచ్చింది. చెల్లి మీరిమ్‌కు పదిహేను నెలలు. ఆ రోజు పండగ దానిదే. అడుగులు వేయడం మొదలుపెట్టింది కాబట్టి కాళ్ళకు నలుపు తెలుపు దారం కట్టి, సందులో పరుగు పందెం పెట్టి, గెలిచినవాళ్ళ చేత దారం కోయించాం. మెలిస్ బాబాయ్, మా ఊరి పోలీసు ఇన్‌స్పెక్టర్, కత్తెర పట్టుకుని నిలబడ్డాడు. సాల్కిన్ అవ్వ మోకాళ్ళ నొప్పితో గుమ్మం పక్కన కూర్చుంది. ఇంకా పై ఇంటి పెద్దాయన, అమ్మ ఆయన్ని అలాగే అంటుంది, అంటే తోక్తోసున్ తాత, నీటి సంఘం అధ్యక్షుడు, నాన్నకు పెదనాన్న. ఆయన కోడలు కెంజె పిన్ని, ఊరి ఆస్పత్రిలో నర్సు. ఇరుగుపొరుగు ఇరవై మంది దాకా వచ్చారు కానీ వాళ్ళకు భోజనాలు పెరట్లోనే. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

తర్వాత నేను. బురుల్. బురుల్ అంటే 'మళ్ళు' అని. ఆడపిల్లల వరస మళ్ళి ఇకనైనా కొడుకు పుట్టాలని పెట్టారు. పదిహేనేళ్ళు ఆగి మీరిమ్ పుట్టింది. ఎవరైనా నన్ను పిలిస్తే ఇంట్లోవాళ్ళకు ఆ సంగతి గుర్తొస్తుంది, అందుకేనేమో నాకు మాట్లాడటం కంటే రాయడం హాయి.

ఇవాళ ఆదివారం. మధ్యాహ్నం ఒంటిగంటకు మెలిస్ బాబాయ్ టోపీ తీయకుండా లోపలికొచ్చి, రాసి తెచ్చిన కాగితం అక్క ముందు పెట్టాడు.

"సంతకం పెట్టు పెరిజాత్. నాలుగింటికి స్కూల్లో మీటింగు. ఆలోపు నాకు కాగితం కావాలి."

"ఏమని రాశావు బాబాయ్?"

"ఉన్నదే రాశాను. గురువారం ఉదయం ఎనిమిది గంటల పన్నెండు నిమిషాలకు నీ యాప్‌తో నీళ్ళ పట్టిక మార్చావని."

"నేను మార్చలేదు."

"అయితే నీ యాప్ దానంతటదే మార్చిందని రాయి. ఏదైనా ఒకటి రాయి తల్లీ. సాల్కిన్ అవ్వ కేసు పెడతానంటోంది."

అవ్వ కోపంలో తప్పు లేదు. బీన్స్ చేలు పూత మీదున్నాయి. ఇప్పుడు ఒక్క తడి తప్పితే పూత రాలిపోతుంది, ఏడాది పంట పోయినట్టే. నిన్న శనివారం ఉదయం తొమ్మిదికి తన వంతని పార పట్టుకుని వెళ్తే, నీళ్ళు అప్పటికే తోక్తోసున్ తాత చేలో పారుతున్నాయి. తాత ఫోన్ తీసి చూపించాడట. "పట్టికలో నాదే ఉంది. కళ్ళు పెట్టుకుని చూసుకో" అని. నిజమే, ఉంది. అవ్వ పేరు వచ్చే బుధవారానికి పోయింది.

ఆ పట్టిక ఒక ఎక్సెల్ ఫైలు. మూలగదిలో పాత కంప్యూటర్ ఉంది. బుధవారం సాయంత్రం నాన్న అందులో వారం వంతులు వేసి సేవ్ చేస్తాడు, గురువారం సాయంత్రం ఊరందరి ఫోన్లకూ పంపుతాడు. అంతకుముందు ఒక్కొక్కళ్ళ ఫోన్లో ఒక్కోలా తెరుచుకునేది, కొన్నింట్లో అసలు తెరుచుకునేదే కాదు. అందుకని అక్క రెండేళ్ళు కూర్చుని యాప్ తయారుచేసింది. ఒక్కసారి రాస్తే నాన్న చవక ఫోన్లోనూ, తోక్తోసున్ తాత ఖరీదైన ఐఫోన్లోనూ ఒకేలా నడుస్తుంది. ఫైలు చదువుతుంది, కావాలంటే రాస్తుంది కూడా. చుట్టుపక్కల ఆరు ఊళ్ళవాళ్ళు సోమవారం వచ్చి చూస్తామన్నారు.

"సంతకం పెడితే ఏమవుతుంది?" అంది అక్క.

"యాప్ తీసేస్తారు. నీ పేరు నా పుస్తకంలోకి ఎక్కుతుంది. అంతే."

"అంతేనా!"

అమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి అక్క పక్కన కూర్చుంది. "పెట్టెయ్యవే. యాప్ తప్పు చేసిందని రాసెయ్. దానికేమైనా పరువా, పెళ్ళా? మనిషి మీద పడకుండా పోతుంది."

"అది నేను చేసిందమ్మా. దాని తప్పంటే నా తప్పే." అక్క కాగితాన్ని వేలితో వెనక్కి నెట్టింది. "పెట్టను. నాలుగింటికి కూడా పెట్టను. ఐదింటికి కూడా."

మెలిస్ బాబాయ్ నిట్టూర్చాడు. "చూడు పిల్లా, నీ యాప్ తెరిస్తే పైనే ఉంది. 'చివరిసారి సేవ్ చేసింది: గురువారం 8:12.' అప్పుడు మీ నాన్నా నేనూ రెండో గొర్రె కోసం వెళ్ళాం. మీ అమ్మా ఈ మూగపిల్లా కాలవ దగ్గర పేగులు కడుగుతున్నారు. ఇంట్లో నువ్వూ పసిదీ. మీరిమ్ సేవ్ చేసిందంటావా?"

చెప్పాల్సిన మాట నా దగ్గరుంది. ఏప్రిల్ నుంచీ ఉంది. డైరీ తెరిచి, ఆ పేజీ ఆయన ముక్కు దగ్గర పెట్టాను.

ఆయన పైకే చదివాడు. "ఏప్రిల్ పదిహేడు, బుధవారం. నాన్న సాయంత్రం ఏడింటికి పట్టిక సేవ్ చేశాడు. అక్క ఫోన్లో మధ్యాహ్నం ఒంటిగంట అని ఉంది. అక్కకు చెప్పాలి." ఆగి నా వైపు చూశాడు. "చెప్పావా?"

తల అడ్డంగా ఊపాను. అక్క డైరీ లాక్కుని చూసి, అరచేత్తో నుదురు కొట్టుకుంది.

"ఆరు గంటలు! కలపలేదు నేను! ఫైలు లోపల టైము మన టైము కాదు బాబాయ్. లండన్ వైపు లెక్క ప్రకారం ఉంటుంది. మనకి ఆరు గంటలు కలపాలి. నేను ఉన్నదున్నట్టు చూపించేశాను. నువ్వు మూడు నెలలుగా నోట్లో పెట్టుకుని కూర్చున్నావుటే బురుల్?"

"భలే!" అన్నాడు బాబాయ్. "పొద్దున్నదాకా యాప్ దేవుడు. ఇప్పుడు అదే అబద్ధం చెప్తోందా?"

నాకు కోపం వచ్చింది. కోపం వస్తే గొంతు దానంతటదే తెరుచుకుంటుందని ఇవాళే తెలిసింది.

"మీ గడియారం చూడండి బాబాయ్. ఎంతయింది?"

"ఒకటీ ఇరవై."

మూలగదిలోకి వెళ్ళి, కంప్యూటర్‌లో ఖాళీ ఫైలు ఒకటి తెరిచి, మధ్యలో 'గొర్రె' అని రాసి సేవ్ చేసి అక్క ఫోన్‌కు పంపాను. బాబాయ్ నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. యాప్ తెరిచి ఫోన్ ఆయన చేతికిచ్చాను.

చివరిసారి సేవ్ చేసింది: ఆదివారం 7:20.

ఆయన ఫోన్ చూశాడు, గడియారం చూశాడు, మళ్ళీ ఫోన్ చూశాడు.

"అంటే గురువారం..." అని వేళ్ళు మడిచాడు.

"మధ్యాహ్నం రెండూ పన్నెండు" అన్నాను. "పందెం మొదలైంది రెండూ ఐదుకి. రాసుకున్నాను. అప్పుడు ఊరంతా మా ఇంటి దగ్గరే ఉంది."

"రెండింటికి మీ అక్క కూడా ఇక్కడే ఉందిగా."

"ఉంది. కానీ యాప్‌తో మార్చలేదు. ఇటు చూడండి."

నాన్నకు ఒక అలవాటుంది. వంతులు ఊరికే రాయడు. గడికి చిన్న చీటీ తగిలిస్తాడు. గడి మీదికి మౌస్ తీసుకెళ్తే తెరుచుకునే పసుపు చీటీ. 'వీళ్ళింట్లో చావు జరిగింది, అడక్కుండానే ముందు నీళ్ళివ్వాలి.' 'వీళ్ళూ వాళ్ళూ వంతు మార్చుకున్నారు, ఇద్దరూ నా ముందే ఒప్పుకున్నారు.' కాగితం పట్టిక ఉన్న రోజుల్లో అంచుల్లో రాసేవాడు, ఇప్పుడు గడుల్లో రాస్తాడు. అక్క యాప్ ఆ చీటీల్ని చదవలేదు. చదవలేనిదాన్ని తిరిగి రాయలేదు కూడా. యాప్‌లో ఒక్కసారి సేవ్ నొక్కితే చీటీలన్నీ పోతాయి. ఊళ్ళో అందరూ అక్కను ఏడిపించేది దీనికే. "పెరిజాత్ యాప్ గొర్రెలాంటిది, పచ్చగా కనిపిస్తే మేసేస్తుంది" అంటారు. అందుకే అసలు పట్టికను ఫోన్లో సేవ్ చెయ్యొద్దని అక్క నాన్న చేత ఒట్టు వేయించుకుంది.

శనివారం గొడవ తెచ్చిన ఫైలు కంప్యూటర్‌లో తెరిచాను. చీటీలు లెక్కపెట్టాను. పదకొండు. బుధవారం నాన్న పెట్టినవి పదకొండే. దానికి నకలు తీసి, అక్క ఫోన్లో ఒక చుక్క చేర్చి సేవ్ చేసి, మళ్ళీ కంప్యూటర్‌లోకి తెచ్చాను. ఒక్క చీటీ లేదు.

"మేసేసింది" అన్నాడు బాబాయ్, నవ్వకుండా ఉండలేక.

"యాప్‌తో మార్చి ఉంటే ఇక్కడ పదకొండు ఉండేవి కావు. ఈ కుర్చీలో కూర్చుని, ఈ కీబోర్డుతో మార్చారు."

అప్పుడు కీబోర్డు వైపు చూశాను. గురువారం తర్వాత దీన్ని ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా ఇందాక అక్షరాలు నొక్కాను కానీ, పై వరస అంకెల జోలికి పోలేదు. ఒకటి మీదా ఏడు మీదా తెల్లగా పేరుకున్న కొవ్వు. గోటితో గీకి వాసన చూశాను. గొర్రె తోక కొవ్వు. దాన్ని కరిగించి ఆ రోజు పిండి ముక్కలు వేయించారు.

శనివారం తొమ్మిది గంటల గడిలో ఉన్నది పేరు కాదు. పదిహేడు. తోక్తోసున్ తాత ఇంటి నంబరు. మిగతా నలభై ఐదు ఇళ్ళకూ పేర్లే. వచ్చే బుధవారం గడిలో 'సాల్కిన్' అని నిండుగా రాశారు. ఆ ఒక్క గడి దగ్గరే చెయ్యి ఆగి, అంకె వేసింది.

"దీన్ని నేను నిన్ననే చూశాను" అన్నాడు బాబాయ్. "యాప్ పేరు మింగి అంకె కక్కిందన్నారు. నేను అదే రాశాను."

"యాప్ రాయలేదని ఇప్పుడే చూశారుగా."

"చూశాను." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "బాగా చేశావు పిల్లా, కాదనను. కానీ పందెం జరుగుతుంటే అందరి కళ్ళూ పరిగెత్తేవాళ్ళ మీదే. మీ అక్క లోపలికి రాలేదని ఎవరు చెప్తారు? నువ్వా? చెల్లెలి సాక్ష్యం తీసుకెళ్తే జిల్లాలో నన్ను చూసి నవ్వుతారు. 'ఈమె కాదు' అంటే నాకు పనికి రాదు. పేరు కావాలి. నాలుగింటిలోపు పేరు తెస్తే ఈ కాగితం నా చేత్తో చింపుతా. తేకపోతే మీ అక్క సంతకం లేకుండానే రాసుకుపోతా."

"తెస్తాను."

"ఏంటీ? వినపడలేదు."

"తెస్తానన్నాను!"

అమ్మ వంటగది గుమ్మంలో నిలబడి ఉంది. నేను అరవడం ఆమె ఎప్పుడూ చూడలేదు.

*

సాల్కిన్ అవ్వ తన పెరట్లో తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. పక్కన వాడిన బీన్స్ మొక్క ఒకటి వేళ్ళతో సహా పెట్టుకుంది, మీటింగ్‌లో చూపించడానికి.

"మీ అక్క పంపిందా?"

"లేదవ్వా. నేనే వచ్చాను. గురువారం పందెం అప్పుడు నువ్వు మా గుమ్మం పక్కనే ఉన్నావుగా?"

"ఉన్నా. ఈ మోకాళ్ళతో నన్నూ పరిగెత్తమంటావా?"

"లోపలికి ఎవరెళ్ళారో చూశావా?"

"కళ్ళు మూసుకున్నా. నిద్రపోలేదు." మొక్క మీది దుమ్ము దులిపింది. "వంటవాళ్ళే. మీ అమ్మా కెంజే. పళ్ళేలు పట్టుకుని లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నారు. ఇంకెవరూ నా కాళ్ళు దాటి పోలేదు."

"అక్క?"

"అది సందు చివర పసిదాన్ని పట్టుకుని నిలబడింది. దారం కోసేదాకా కదల్లేదు."

"ఈ మాట మెలిస్ బాబాయ్‌కి చెప్తావా?"

"ఎందుకు చెప్పాలి?" అవ్వ మొక్కను నా ముఖం ముందు ఊపింది. "నేను అమాయకుల్ని వెతుక్కుంటున్నానా? నా చేను ఎండబెట్టిన చెయ్యి కావాలి నాకు. మీ అక్క కాదంటే మరి ఎవరో చెప్పు. పేరుతో రా. అప్పుడు నీ పక్కన నిలబడి ఊరందరికీ వినపడేలా చెప్తా."

డైరీలో రాసుకున్నాను. వంటవాళ్ళు. కెంజె పిన్ని. అంకె. కొవ్వు.

పైవీధి ఎక్కుతూ ఆలోచించాను. ఒక మనిషి పేరు రాయడానికి చెయ్యి ఎందుకు ఆగుతుంది? మా ఊళ్ళో దానికి జవాబు పసిపిల్లలకు కూడా తెలుసు. కోడలు మామగారి పేరు పలకదు, రాయదు. ఎదురుగా మనిషి లేకపోయినా, గదిలో ఎవరూ చూడకపోయినా, నాలుక దానంతటదే మళ్ళిపోతుంది. ఆ రోజు మా ఇంట్లో తోక్తోసున్ తాతకు కోడలు ఉంది. ఆమె మామగారి చేనికి నీళ్ళు కావాలి. వేళ్ళకు కొవ్వుంది. ఇంకేం కావాలి?

అడుగు పడుతున్నకొద్దీ ధైర్యం పెరిగింది. చెప్పాలనుకున్న మాట మూడుసార్లు లోపల అనుకున్నాను.

కెంజె పిన్ని పెరట్లో టీ నీళ్ళకు నిప్పు రాజేస్తోంది. ఆస్పత్రి తెల్లకోటు తీగ మీద ఆరేసి ఉంది. రెండూ యాభై ఐదు.

"రా బురుల్. టీ తాగుతావా?"

"వద్దు పిన్నీ. గురువారం రెండూ పన్నెండుకి నువ్వు మా మూలగదిలో ఉన్నావు."

ఆమె ఊదడం ఆపింది. "ఉన్నానా?"

"శనివారం గడిలో పేరు రాయలేక పదిహేడు వేశావు. మామగారి పేరు రాయకూడదని."

చెప్పేశాను. పిన్ని పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత ఇంటి వైపు తిరిగి గొంతెత్తింది.

"తోక్తోసున్ నాన్నా! ఓ తోక్తోసున్ నాన్నా! బీపీ మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నానే! అరవకు!" అని లోపలి నుంచి తాత.

పిన్ని నా వైపు తిరిగింది.

"నేను నర్సునే పిచ్చిదానా. ఈ ఊళ్ళో ముసలాళ్ళ మందుల చీటీలన్నీ నేనే రాస్తాను. పేరు రాయకపోతే సూది ఎవరికి వెయ్యాలి? 'మా ఇంటాయన'కా? పెళ్ళయిన నెలలోనే ఆయనకు గుండె నొప్పొచ్చింది. అంబులెన్స్‌వాళ్ళు ఫోన్లో పేరు అడిగితే నోరు తెరవలేక నిలబడిపోయాను. ఆ రోజుతో సరి. ఆయనే అన్నాడు, నన్ను చంపకు తల్లీ, పేరు పెట్టి పిలువు అని." నవ్వు ఆగింది. కుంపటి మీద మూత పెట్టింది. "నువ్వు అడిగింది మంచి ప్రశ్నే. అడగాల్సిన ఇల్లే తప్పు. ఆయనకు కోడల్ని నేనొక్కదాన్నేనా? మీ నాన్న ఆయన తమ్ముడి కొడుకు. మరి మీ అమ్మ నాకేమవుతుంది?"

తోటికోడలు.

పై ఇంటి పెద్దాయన. పై ఇంటి పెద్దాయనకు టీ ఇవ్వవే. పై ఇంటి పెద్దాయన వస్తున్నాడు, లేచి నిలబడు. పదహారేళ్ళుగా వింటున్నాను. గురువారం డైరీలో నా చేత్తోనే రాశాను. అవ్వ చెప్పిన రెండు పేర్లలో ఒకటి రాసుకుని ఒకటి వదిలేశాను. కిండర్‌గార్టెన్‌లో రోజూ అరవై మంది పిల్లల హాజరు అమ్మ కంప్యూటర్‌లోనే ఎక్కిస్తుంది. అదీ తెలుసు నాకు. తెలిసినవన్నీ కళ్ళ ముందే పెట్టుకుని కొండెక్కి వచ్చాను.

"ఎందుకు చేసింది?" అన్నాను.

పిన్ని ఇంటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "గురువారం పది గంటలప్పుడు మీ వంటింట్లో నేను పిండి పిసుకుతున్నా. తోక్తోసున్ నాన్న వచ్చి మీ అమ్మతో అన్నాడు. 'శనివారం నీళ్ళు నా చేలో పారాలి. లేకపోతే సోమవారం సంఘంలో కొత్త నీరుగంటిని చూసుకుంటాం. ఒరోజ్‌బెక్‌ని అడిగితే ఒప్పుకోడు, అందుకే నీకు చెప్తున్నా.' మీ అమ్మ తల మీద గుడ్డ ముందుకు లాక్కుంది."

"ఈ మాట మీటింగ్‌లో చెప్తావా పిన్నీ?"

"మీ అమ్మ ముందు నోరు విప్పితే నేనూ విప్పుతా. ఆమె దాచుకుంటే నేనెందుకు ఈ ఇంట్లో అన్నం పోగొట్టుకోవాలి?" నన్ను గేటు వైపు తోసి, "పరిగెత్తు. మూడు దాటింది" అంది.

*

పరిగెత్తలేదు. నడిచాను. పరిగెత్తితే ఏడుపొచ్చేది.

మూడూ ముప్పై ఆరు. మా గేటు ముందు మెలిస్ బాబాయ్ కారు ఆగి ఉంది. ఆయన స్టీరింగు మీద కాగితం పెట్టుకుని రాస్తున్నాడు. అక్క కారు పక్కనే, చేతులు కట్టుకుని, మీటింగ్‌కు వేసుకునే ఎర్ర చొక్కాతో నిలబడింది.

"పేరు దొరికిందా మూగపిల్లా?" అన్నాడు కిటికీలోంచి.

"దొరికింది."

"చెప్పు మరి."

"నాలుగింటికి అన్నారుగా. ఇంకా టైముంది."

అక్క నా ముఖం చూసింది.

అమ్మ గుమ్మంలో ఉంది. మీరిమ్ చంకలో నిద్రపోతోంది. నేను మెట్టు కింద ఆగాను.

"అమ్మా, పై ఇంటి పెద్దాయన పేరేంటి?"

"అదేం ప్రశ్నే? నీకు తెలీదూ?"

"నాకు తెలుసు. నువ్వు చెప్పు."

అమ్మ పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. ఇరవై నాలుగేళ్ళుగా రాని మాట. ఆమె చూపు నా డైరీ మీదికి వచ్చింది, అక్కడే ఉండిపోయింది.

"కెంజె చెప్పిందా?"

"పదిహేడు చెప్పింది. కొవ్వు చెప్పింది. నువ్వు సాల్కిన్ అవ్వ పేరు రాశావు, ఆయన పేరు రాయలేదు."

"నెమ్మదిగా మాట్లాడు." అమ్మ కారు వైపు చూసింది. "మీ నాన్నకు ఆ కాలవ తప్ప ఇంకేం తెలుసే? దాన్ని లాగేస్తే ఆయన ఏమైపోతాడు? ఒక్క తడి. అవ్వకు బుధవారం ఇద్దామనుకున్నా. యాప్ మీద పడి పోతుందనుకున్నా. మనిషి మీద పడుతుందనుకోలేదు."

"అక్క మనిషి కాదా?"

అమ్మ మీరిమ్ ను ఇంకో చంకకు మార్చుకుంది.

"నాలుగింటికి నువ్వే వచ్చి చెప్పు. బెదిరించింది ఎవరో కూడా చెప్పు. కెంజె పిన్ని నీ వెనక నిలబడుతుంది. నేనూ నిలబడతా."

"ఊరందరి ముందు ఆయన మీద నేను నోరెత్తాలా? ఆయన కోడల్నే నేను."

"నువ్వు చెప్పకపోతే నేను చెప్తా."

అమ్మ తల ఎత్తింది. భయం పోయి, కళ్ళలో ఇంకేదో వచ్చింది. నాకు తెలిసిన మొండితనమే అది. అక్కకూ నాకూ వచ్చింది ఆమె నుంచే.

"చెప్పు చూద్దాం. నీళ్ళ దొంగ ఎవరని మెలిస్ అడిగితే ఏమంటావు? 'అమ్మ' అంటావా? అది పేరు కాదు. కాగితం మీద పేరు రాయాలి. కన్నతల్లి పేరు నీ నోటితో అనగలవా? నేను మామ పేరు అనలేను. నువ్వు నా పేరు అనగలవేమో నేనూ చూస్తా."

నాలుక దానంతటదే మళ్ళింది. పదహారేళ్ళలో ఒక్కసారి కూడా పలకని మాట అది. కారు దగ్గర అక్క ఎర్ర చొక్కా కనపడుతోంది. చేతులు ఇంకా కట్టుకునే ఉంది.

"సైరాగుల్" అన్నాను.

గట్టిగానే అన్నాను, నాలుగింటికి ఊరందరి ముందు అనాల్సినంత గట్టిగా. మీరిమ్ ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది.

అమ్మ నన్ను చూస్తూనే ఒక అడుగు వెనక్కి వేసి, నా ముఖం మీద తలుపు మూసేసింది.